టేపు పట్టినవాని పక్షము

సంక్రాంతి మొదలుకొని ఎండలు ముదురు వరకు పల్నాటి సీమలో ఏదో యొక గ్రామమున, ఏదో యొక తిరునాళ్ల పేరిట, ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పందెములు జరుగుచునే యుండును. మరునాటి పత్రికలలో, ఫలానా గ్రామపు రైతు జత నిర్ణీత కాలములో ఇన్ని వేల అడుగుల ఇన్ని అంగుళముల దూరము బండను లాగి ప్రథమ బహుమతి గైకొన్నదని ఒక వార్తయు, దాని ప్రక్కన ఆ బహుమతి నందించిన నాయకుని ఛాయాచిత్రమును అచ్చగుచుండును. ఎడ్ల యజమాని పేరు తెలియును. బహుమతి సొమ్మిచ్చిన దాత పేరును, ఆయన తన తండ్రిగారి జ్ఞాపకార్థమే ఆ సొమ్మిచ్చెనను విశేషమును గూడ తెలియును. ఆ అడుగులను, ఆ అంగుళములను కొలిచిన మనుష్యు డెవరో మాత్రము ఏ పత్రికయు వ్రాయదు. వ్రాయవలెననియు, అంతటితో ఆగక ఆ మనుష్యుని ఎంపికను, శిక్షణను, భోజనమును, మర్యాదను పందెపు కమిటీలు బహుమతుల పట్టికకంటె ముందుగా ఆలోచింపవలెననియు నా మనవి.

ఈ పోటీలను చూడని పట్టణవాసులకు వాని తీరు కొంచెము చెప్పవలసియున్నది. మెత్తగా చదును చేసిన పొడవైన బరి. ఆ చివర నొక సున్నపు గీత, ఈ చివర నొక సున్నపు గీత. నడుమ రాతిబండ, దానికి తగిలించిన ఇనుప గొలుసు, గొలుసు కొసన కాడి, కాడి క్రింద రెండు ఎడ్లు. గడియారము నడువ నారంభించిన క్షణమునుండి నియమిత కాలము ముగియు వరకు, అది పది నిమిషములు కావచ్చును, ఇరువది కావచ్చును, ఆ జత బండను ఆ గీతకు చేర్చి, మరలి, ఈ గీతకు చేర్చుచు తిరుగుచుండవలెను. పూర్తియైన రౌండ్లను బరి పొడవుచే హెచ్చవేసి, చివర మిగిలిన అసంపూర్ణపు రౌండును టేపుతో కొలిచి కలుపగా వచ్చినది ఆ జత లాగిన దూరము. పశువునకు జన్మపత్రిక ఉండదు గనుక నోరు తెరచి పళ్లు చూచుటయే వయోనిర్ణయము; పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగములు చేసి, విభాగము పెరిగిన కొలది బండ బరువును పెంచుదురు.

జనము చూచునది ఇంతవరకే. మైకులో వ్యాఖ్యాత గొంతు వినబడుటకు పూర్వమే, ముందునాటి రాత్రియే, అసలు పని ప్రారంభమగును. ట్రాక్టరుతో దున్ని, చదును చేసి, ట్యాంకరుతో నీరు చల్లవలెను. తడి తక్కువైనచో దుమ్ము లేచి ఎడ్ల ముక్కులకు అడ్డుపడును. ఎక్కువైనచో గిట్ట జారి కాలు బెణుకును. ఆ రెండింటి నడుమ నుండు పదునును ఏ యంత్రమును చెప్పలేదు గనుక, పిడికెడు మన్ను తీసి నొక్కి, విడిచి, అది విచ్చుకొను తీరు చూచి, చాలునని గాని ఇంకొక ట్యాంకరు కావలెనని గాని చెప్పు వృద్ధ రైతొకడు తెల్లవారు జామున బరిలో నిలిచియుండును. ఆయన చెప్పులు విడిచి బరి పొడవునా నడచుటను నేను చూచితిని. అది భక్తి వలన నేమో యనుకొని యడుగగా, గాజుపెంకు గాని, పాత మేకు గాని ఉన్నచో ముందు తన కాలికి తగులవలెను గాని ఎద్దు గిట్టకు తగులరాదని ఆయన సమాధానము. ఇట్టి మనుష్యునికి కమిటీ ఏ బ్యాడ్జీయు నీయలేదు.

తరువాత చీటీలు. ఏ జత ముందు, ఏ జత వెనుక అనునది మన ఎండలలో చిన్న విషయము కాదు. ఉదయపు చల్లదనములో లాగిన జతకును, పన్నెండు గంటలకు కాడి క్రిందికి వచ్చిన జతకును ఎంత భేదమో రెంటచింతల ఎండ నెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చీటీల డబ్బాలో చేయి పెట్టువాడు చిన్న పిల్లవాడైన మేలని పెద్దలు ఊరక చెప్పలేదు. పళ్లు చూచువాని చిక్కు మరియొకటి. ఒకడు ముకుత్రాడు పట్టగా, ఇంకొకడు పెదవి విడదీసి వ్రేలితో చిగురును తడవి చూచును. పాలపన్ను ఊడి, క్రొత్త పన్ను చిగురులో తెల్లని చుక్కవలె కనబడీ కనబడని స్థితిలో, ఆ ఎద్దును ఏ విభాగమున చేర్చవలెనో నిర్ణయించుట ఎంతటి అనుభవశాలికైనను కష్టసాధ్యము. ఒక యజమాని ఏడాది పొడవునా ఉలవలు ఉడికించి పెట్టి పెంచిన జత భవిష్యత్తు ఆ తెల్లని చుక్కపై నాధారపడియుండును.

వీరందరిలోను కఠినమైన పని టేపు పట్టువానిది. కాలము ముగిసినదని విజిలు ఊదినంతనే ఎడ్లు ఆగవు. వానికి విజిలుతో పనిలేదు. జోరుమీదనున్న బండ ఇంకొక జానెడో, మూరెడో జరిగియే ఆగును. కావున విజిలు మ్రోగిన క్షణమున బండ అంచు ఎచట నున్నదో ఆ చోటను పట్టుకొనుటకై, ఒకడు చివరి నిమిషమంతయు నడుము వంచి, దుమ్ములో, తోలువారి కాళ్ల నడుమ, చూపు బండ అంచుపైనను, చెవి విజిలుపైనను నిలిపి ప్రక్కకు ప్రక్కకు పరుగెత్తవలెను. విజిలుతోపాటే వాని చేతి మేకు మట్టిలో దిగవలెను. తరువాత టేపు. టేపును బిగలాగి పట్టవలెను గాని సాగదీయరాదు. నేలకు ఆనించి పట్టవలెను గాని గుంటలో దింపరాదు. బండ ముందటి అంచునుండి కొలుచుటయా, వెనుకటి అంచునుండి కొలుచుటయా అను మాట మొదటి జతకు ముందే తేలియుండవలెను. రెండు జతలు వేల అడుగులు లాగిన పిమ్మట వాని నడుమ భేదము కొన్ని అంగుళములే యైనప్పుడు, రెండు గ్రామముల యువకులు తాటి గుంజల కంచె దూకి వచ్చి ఆ టేపు చుట్టు మూగినప్పుడు, ఆ సంఖ్యను బిగ్గరగా చదువుటకు గుండె నిబ్బరము కావలెను.

నేనెరిగిన యొక గ్రామమున జరిగిన సంగతి. ఊరు పేరు చెప్పను. మధ్యాహ్నము దాటిన పిమ్మట, టేపు కొస ఎప్పుడో తెగిపోయినదనియు, మొదటి రెండు అంగుళములు దానికి లేవనియు ఒక కుర్రవాడు కనిపెట్టెను. పొద్దుటినుండి అదే టేపుతో కొలిచిరి గనుక అందరికిని సమానమేయని కొందరు. కాదు, అది ఉదయము బాగుగనే యున్నది, నడుమ తెగినదని కొందరు. టేపు పట్టిన ఉపాధ్యాయుడు మొదటినుండి ఎందుకైనను మంచిదని ప్రతి జతకును వేరు వేరు మేకు దింపి, దానిపై సంఖ్య వేసిన అట్టముక్కను కట్టి, ఆ మేకులను పెరుకనీయక యుంచియుండుటచేత, క్రొత్త టేపు తెప్పించి అన్నిటిని మరల కొలిచి, అర్ధగంటలో వివాదము తేల్చెను. ఆ మేకులే లేకున్నచో ఆ సాయంకాలము ఏమి జరిగియుండెడిదో ఊహింపగలము. మన జిల్లా చరిత్ర నెరిగినవారికి ఊహాశక్తి గూడ అక్కరలేదు.

కొలతగాడు లేని పందెము వలన ఏమగునో చెప్పుటకు పల్నాటివారికంటె అర్హు లెవ్వరు? శ్రీనాథుని పేర మనకు వీరచరిత్రము కలదు. వీరవిద్యావంతుల గానము కలదు. కార్తిక అమావాస్య మొదలుకొని కారంపూడిలో అయిదు దినములు జరుగు వీరారాధనోత్సవములలో నాలుగవ దినమున కోడిపోరు నేటికిని జరుగుచున్నది. ఆనాటి అసలు కోడిపోరులో మాచర్ల పక్షమున బ్రహ్మనాయుడు, గురజాల పక్షమున నాగమ్మ. పణము ఏడేండ్ల దేశత్యాగము. ఓడిన మాచర్లవారు అడవులపాలగుట, తుదకు నాగులేటి యొడ్డున కార్యమపూడి రణము. నాగమ్మ మోసము చేసినదని ఒక పక్షమువారు నేటికిని నమ్ముదురు. ఆమె పాలనాదక్షత నెంచి అది నిందయేయనువారును కలరు. ఆ తగవు తీర్చుట నా పని కాదు. ఆ కథను విన్నప్పుడెల్ల నాకు తోచునది వేరు: ఆ బరి చుట్టు రాజులు కలరు, మంత్రులు కలరు, వీరులు కలరు, ఉభయపక్షముల పరివారము కలదు, ఏ పక్షమునకును చెందని మనిషి యొక్కడును కథలో కనబడడు. కోడి ఓడినదని చెప్పు అధికారము ఎవరిదో ఎవరును నిర్ణయించుకొనినట్లు లేదు. ఎనిమిది శతాబ్దములకు పైగా మనము బ్రహ్మనాయని ధర్మమును గూర్చియు, నాగమ్మ చాతుర్యమును గూర్చియు వాదించుచున్నాము గాని, ఆ లోటును గూర్చి వాదింపలేదు.

ఇది పల్లెటూరి పందెములకే పట్టిన బాధ యనుకొనరాదు. ఇంగ్లండులోని మాంచెస్టరు మారథాను మార్గము 2013, 2014, 2015 సంవత్సరములలో 380 మీటర్లు తక్కువగా నుండెనని 2016లో వెల్లడియై, సుమారు 24,000 మంది పరుగు కాలములు ప్రామాణికములు కాకపోయెను. 42.195 కిలోమీటర్లు పరుగెత్తితిమని సంవత్సరముల తరబడి చెప్పుకొనినవారు అంత దూరము పరుగెత్తనేలేదు. ఆ పొరపాటు ఎవరి కాళ్లలోను లేదు, కొలతలో కలదు. అట్లు జరుగకుండుటకే, సైకిలు చక్రమునకు జోన్సు కౌంటరను చిన్న పరికరమును తగిలించి, పోటీకి పూర్వమే మార్గమంతయు త్రొక్కి కొలుచుటయు, ఎంత జాగ్రత్తగా కొలిచినను కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనముగా చేర్చుటయు ఆచారమైనది. నిశ్శబ్దముగా సైకిలు త్రొక్కిపోవు ఆ కొలతగానికి పోటీనాడు చప్పట్లు లేవు. అప్పటికి వాని పని ముగిసి చాలకాలమైనది.

సేవకుని దయ సైతము హద్దు మీరినచో అపకారమగునని చెప్పుటకు 1908 నాటి లండను ఒలింపిక్సు సాక్ష్యము. జూలై 24న ఇటలీ దేశస్థుడు డొరాండో పియెట్రి అందరికంటె ముందుగా క్రీడాంగణమున ప్రవేశించి, ఎండకు సొమ్మసిల్లి, దారి తప్పి, పలుమార్లు నేలకొరిగెను. చుట్టునున్న నిర్వాహకులు జాలిపడి లేవనెత్తి, ఊతమిచ్చి, గీత దాటించిరి. ఆ ఊతమే అతని పతకమును హరించినది; అతనిని అనర్హునిగా ప్రకటించి అమెరికా దేశస్థుడు జానీ హేస్‌కు విజయము నిచ్చిరి. లేవనెత్తినవారు దుష్టులా? కారు. ఎప్పుడు చేయి చాపవలెనో, ఎప్పుడు చేతులు కట్టుకొని నిలువవలెనో వారికి ముందుగా ఎవరును చెప్పలేదు. మన బరిలోను ఇదే కనబడుచుండును. జత మొండికేసినప్పుడు, గొలుసు సర్దుచున్న నెపమున బండకు భుజమానించు ఉత్సాహవంతుడొకడు ఎక్కడనైన నుండును. అతడు తన ఊరి జతకు మేలు చేయుచున్నాననుకొనును. ప్రత్యర్థి గ్రామమువాడు ఫోనులో వీడియో తీయుచుండును.

హైదరాబాదులో ఆగస్టు మాసమున జరుగు మారథానులో, గచ్చిబౌలి వరకు దారి పొడవునా నీళ్ల గ్లాసులు అందించుచు, ఉప్పు కలిపిన నిమ్మరసము పోయుచు, పడినవారిని వైద్యశిబిరమునకు చేర్చుచు నిలుచు యువతీయువకులలో మన పల్నాటి బిడ్డలును కలరు. సాఫ్టువేరు కంపెనీలలో కొలువు చేయుచు, ఆదివారపు నిద్ర మానుకొని వచ్చినవారు. వారికి ఒక రంగు చొక్కా, ఒక ప్రశంసాపత్రము, ముందు దినమున ఒక శిక్షణ తరగతి లభించును. మంచిదే. ఆ బిడ్డ తండ్రియే ఇచట తన ఊరి బరిలో ఇరువది ఏండ్లుగా నీళ్లు చల్లుచున్నాడేమో! ఆయనకు సర్టిఫికెట్టు మాట యటుంచి, ఎండకు తలపై కప్పుకొన తువ్వాలు గూడ తన యింటినుండి తెచ్చుకొన్నదే. నగరమునకు వలస పోయిన పిమ్మట గౌరవము పొందిన సేవ, పుట్టిన ఊరిలో ఊడిగముగా మిగిలిపోవుట నాకు న్యాయముగా తోచదు.

నిజమునకు క్రమశిక్షణతో కూడిన స్వచ్ఛందసేవ ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగి, గాంధీ మహాత్ముని చూచుటకు జనము సముద్రమై వచ్చినప్పుడు, ఆ సముద్రమును లాఠీ లేకుండ అదుపు చేసినది దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు. ఆ కాలముననే పల్నాటి అడవులలో పశువులు మేపుకొన్నందుకు పుల్లరి కట్టుమన్న తెల్లదొరల నెదిరించి, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు ఒరిగెను. పశువు కొరకు ప్రాణమిచ్చిన సీమలో, ఆ పశువు పాల్గొను పోటీని సక్రమముగా నడుపుటకు పదిమంది నిష్పాక్షికులు దొరకరని ఎవరైన అన్నచో నేను నమ్మను. దొరకుదురు, వెదకు నలవాటు మనకు తప్పినది. కమిటీ అనగానే పార్టీ చూచుకొనుట అలవాటైనది. 2024 ఎన్నికల వేళ ఈ జిల్లాలో నిషేధాజ్ఞలు విధింపవలసి వచ్చిన సంగతి మరచుటకు ఇంకను కాలము చాలదు. ఒక పార్టీ వారి తిరునాళ్లలో మరియొక పార్టీ అభిమాని జత గెలిచినప్పుడు, ఆ గెలుపును ప్రకటించువాడు ఉభయులును ఒప్పుకొన్న మనిషి కాకున్న, బహుమతి పంపకము పోలీసు పహరాలో జరుగవలసి వచ్చును.

ఇంకొక మాట, కొందరికి రుచింపకపోయినను చెప్పవలసినది. కండువా వేసికొని, బ్యాడ్జీ పెట్టుకొని, మైకు చెంత నిలిచినవారిని కార్యకర్తలనుచున్నాము. బండను జేసీబీతో ఎత్తించి మార్చునప్పుడు గొలుసు పట్టినవానిని, పేడ ఎత్తువానిని, నీటి తొట్లు నింపువానిని కూలీలనుచున్నాము, వారిలో చాలమంది దినకూలి ముట్టనివారే యైనను. ఏ కులమువాడు ఏ పని చేయుచున్నాడో బరి అంచున నిలిచి చూచిన అర్ధగంటలో బోధపడును. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి చాపకూడు తినిపించెనని పల్నాటివారు గర్వముతో చెప్పుకొందురు. కారంపూడి ఉత్సవములలో మందపోరు దినమున ఆ సహపంక్తి నేటికిని నడచుచున్నది. పందెపు దినమున నాయకులకు షామియానా క్రింద వేరు విస్తళ్లు, సేవకులకు పొట్లములు అను పద్ధతిని అదే సీమలో ఎట్లు సహింతుము? టేపు పట్టినవాడు, పేడ ఎత్తినవాడు, వ్యాఖ్యానము చెప్పినవాడు, దాత, అందరును ఒకే వరుసలో కూర్చుండి భుజించుట ఖర్చుతో కూడిన సంస్కరణమేమియు కాదు.

నోరులేని పోటీదారుని సంగతి మిగిలియున్నది. 2014 మే 7న సర్వోన్నత న్యాయస్థానము జల్లికట్టును, ఎడ్లబండి పందెములను నిషేధించుటయు, పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చేసికొన్న చట్టసవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనము సమర్థించుటయు పాఠకు లెరిగినదే. మన బండలాగుడును రేపు ఎవరు విచారించినను, వారు చూచునది మన ఉపన్యాసములను కాదు. బరిలో ఎద్దుకు జరిగినదానిని. బరువులు లాగు పశువుల విషయమున 1965 నాటి కేంద్ర నియమములు ములుకుల కర్రను నిషేధించినవి; ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటు చోట పగలు పన్నెండు మొదలు మూడు గంటల వరకు పశువును కట్టరాదన్నవి. ఈ రెండింటిని అమలు జరుపువా డెవడు? కలెక్టరు రాడు; వచ్చినను బహుమతుల వేళకే వచ్చును. బరి మొదట నిలిచి తోలువారి చేతికర్రలను తడవి చూచు స్వచ్ఛంద సేవకుడును, ఎద్దు మోకాళ్లపై కూలినంతనే ఎఱ్ఱజెండా ఎత్తు అధికారము గల పశువైద్యుడును ఉండవలెను. ఆ జెండా ఎత్తినపుడు మంత్రిగారి మేనల్లుని జత యైనను ఆగవలెను. ఒంగోలు గిత్తను బ్రెజిలు దేశమువారు కొనిపోయి లక్షలాదిగా పెంచుకొన్నారని వేదికలపై చెప్పుకొని మురియు మనము, ఇచట దాని నోటి నురుగును తుడుచు చేతికి ఒక గుడ్డ ముక్క నందించుట మరువరాదు.

కమిటీల పెద్దలకు చెప్పదలచినది కష్టమైనదేమియు కాదు. ఏ విభాగమున ఏ గ్రామపు జత పోటీలో నున్నదో, ఆ విభాగమున ఆ గ్రామస్థుని చేతికి టేపు గాని, గడియారము గాని ఈయరాదు. గడియారములు రెండుండవలెను. మేకులు సాయంకాలము వరకు పెరుకరాదు. కొలతల కాగితముపై కొలిచినవారును, ఇద్దరు ప్రత్యర్థి యజమానులును చేవ్రాళ్లు చేసిన పిమ్మట దానిని పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపవలెను. నరసరావుపేట, మాచర్ల, గురజాల కళాశాలల జాతీయ సేవా పథకపు విద్యార్థులు రెండేండ్లలో 240 గంటల సేవ చేయవలసియున్నది. అందులో కొన్ని గంటలు ఈ బరులలో, వృద్ధ రైతుల ప్రక్కన నిలిచి మన్ను పదును చూచుట, పళ్లు లెక్కించుట, టేపు పట్టుట నేర్చుకొనుటలో గడపినచో, ఆ విద్య ఆ వృద్ధులతోనే అంతరింపకుండును. బాలికలును రావలెను, కొలుచుటకు మీసములతో పనిలేదు.

ఇక పేర్లు. ఊరి మొదట కట్టు ఫ్లెక్సీపై నాయకులు, దాతలు, వారి పుత్రులు, జన్మదిన శుభాకాంక్షలు తెలుపు మిత్రబృందము, అందరును ఎట్లో ఇముడుచున్నారు. వారి పాదముల క్రింద నొక వరుస వదలి, బరి తడిపినవారి పేర్లును, పళ్లు చూచినవారి పేర్లును, టేపు పట్టినవారి పేర్లును వేయించిన పాపమేమి? ఫ్లెక్సీ అచ్చువేయువాడు చదరపు అడుగు లెక్కన డబ్బు తీసికొనును గాని, పేర్ల లెక్కన తీసికొనడు.